చైనా సినిమాలో ఆడవాళ్ళకు దారి నిజంగా తెరుచుకున్నట్టేనా?

శారద_కె
చైనా సినిమా గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో కత్తియుద్ధాలు, కుంగ్‌ఫూ, రాజాస్థానాలు, వసూళ్ళ లెక్కలు తప్ప మరేమీ కనిపించవు. ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చిందంటే అది ఏదో చలనచిత్రోత్సవంలో తారలు కట్టుకున్న దుస్తుల గురించే అయి ఉంటుంది. వచ్చే నెల మా కళాశాల ఫిల్మ్ క్లబ్బులో చైనా సినిమారంగంలో స్త్రీల గురించి మాట్లాడే పని నాకు అప్పగించారు. జియా లింగ్ అనే హాస్యనటి తొలిసారి దర్శకత్వం వహించిన ‘హాయ్, మామ్’ 2021లో 541 కోట్ల యువాన్లు వసూలు చేసి, ఒక స్త్రీ ఒంటరిగా దర్శకత్వం వహించిన చిత్రాలన్నిటినీ దాటిపోయిందని, 2023లో ‘బార్బీ’ వచ్చేదాకా ఆ రికార్డు నిలిచిందని చదివాను. అంత పెద్ద విజయం తరువాత అక్కడ మిగతా స్త్రీలకు దారి సుగమమైందా, లేక అది ఒక్క మనిషి గెలుపుగానే మిగిలిపోయిందా? చూసినవారు, చదివినవారు వివరంగా చెప్పండి.

వెండితెర_వెనుక
నా అభిప్రాయంలో దారి తెరుచుకుంది, తెరిచింది డబ్బే. 2013లో నటి జావో వెయ్ తన మొదటి చిత్రం ‘సో యంగ్’ తీస్తే అది 70 కోట్ల యువాన్లు దాటింది. 2021 ఏప్రిల్‌లో యిన్ రువోషిన్ అనే యువ దర్శకురాలి ‘సిస్టర్’ పెద్ద తారాబలం లేకుండానే 85 కోట్లకు పైగా తెచ్చింది. 2024 వసంతోత్సవ సెలవుల్లో జియా లింగ్ రెండో చిత్రం ‘యోలో’ 340 కోట్లు దాటి ఆ సీజన్లో మొదటి స్థానంలో నిలిచింది. అదే ఏడాది నవంబరులో విడుదలైన షావో యీహుయ్ ‘హర్ స్టోరీ’ 70 కోట్లు దాటింది. నిర్మాత అన్నవాడు లాభం చూస్తాడు. ఇన్నిసార్లు లాభం చూపించాక ఆడమనిషికి సినిమా ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

పాతరీలు
వెండితెర గారు చెప్పిన లెక్కలన్నీ సరైనవే కాని, వాటి నుంచి తీసిన ముగింపుతో నేను ఏకీభవించలేను. కథను 2013లో మొదలుపెడితే అది ఎదుగుదలలాగే కనిపిస్తుంది. 1935లో మొదలుపెట్టి చూడండి.

ఆ ఏడాది మార్చి 8న షాంఘైలో రువాన్ లింగ్‌యూ ఆత్మహత్య చేసుకుంది. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు, మూకీ చిత్రాల్లో ఆమెను మించిన నటి లేదు. అంతకు కొద్ది వారాల ముందే విడుదలైన ‘న్యూ విమెన్’లో ఆమె పోషించింది పత్రికల నిందలకు బలైపోయే ఒక రచయిత్రి పాత్ర. ఆ కథకు ఆధారం 1934లో ప్రాణం తీసుకున్న ఐ షియా అనే మరో నటి జీవితం. సినిమాలో తమను చెడుగా చూపించారని విలేఖరులు కోపగించుకున్నారు, ఆ కోపం రువాన్ సొంత జీవితం మీదికి మళ్ళింది. అంటే ఆ రంగంలో స్త్రీ మీద వచ్చిన నింద, దాని మీద తీసిన సినిమా, ఆ సినిమాలో నటించిన స్త్రీ మీద మళ్ళీ వచ్చిన నింద, అన్నీ ఏడాది వ్యవధిలో జరిగాయి.

సరిగ్గా అదే 1935లో నాన్‌జింగ్‌లో ఒక యువ బడిపంతులమ్మ ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’లో భర్తను, ఇంటిని విడిచి వెళ్ళే నోరా వేషం వేసినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమె తరువాత పేరు మార్చుకుని వాంగ్ పింగ్ అయింది. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక సైన్యానికి చెందిన ఆగస్ట్ ఫస్ట్ స్టూడియోలో చేరి, కొత్త చైనాలో తొలి మహిళా దర్శకురాలిగా పేరు తెచ్చుకుంది. 1963లో రెండో హండ్రెడ్ ఫ్లవర్స్ పురస్కారాల్లో ఉత్తమ దర్శకత్వం బహుమతి ఆమెకే దక్కింది. ఆ కాలంలో స్టూడియోలన్నీ ప్రభుత్వానివి. దర్శకులకు నెల జీతం, ఇల్లు, పిల్లలకు శిశుసంరక్షణ అన్నీ పనిచేసే సంస్థే చూసుకునేది. వసూళ్ళ భయం లేదు, డబ్బు కోసం ఎవరి గుమ్మమూ తొక్కనక్కరలేదు. ఎనభైలలో జాంగ్ న్వాన్‌షిన్, హువాంగ్ షూచిన్, హూ మెయ్, లీ షావోహోంగ్ వంటివారు ఒకరి వెంట ఒకరు రావడానికి ఆ వ్యవస్థ పెద్ద కారణం. మార్కెట్టు వచ్చాకనే వారికి దారి ఇరుకైందని నా నమ్మకం.

హంపి_చదువరి
ప్రభుత్వ స్టూడియోలో జీతం దొరికింది సరే, ఏ కథ తీయాలో చెప్పే స్వేచ్ఛ ఉందా? వాంగ్ పింగ్ తీసినవన్నీ సైనికుల కథలూ, పార్టీ కథలే కదా.

పాతరీలు
న్యాయమైన ప్రశ్నే. కథలు పైనుంచి వచ్చేవి, ఆ మాట నిజం. కాని ఇచ్చిన కథలోనే ఆమె ఏం చేసిందో చూడాలి. 1957లో తీసిన ‘ద స్టోరీ ఆఫ్ ల్యూబావ్ విలేజ్’లో ఒక సైనికుడికీ, పల్లెటూరి అమ్మాయికీ మధ్య పుట్టే ఇష్టమే ప్రధానం. క్రమశిక్షణ గురించి చెప్పవలసిన చిత్రంలో ప్రేమను అంత మృదువుగా చూపించడం అప్పట్లో సాహసమే.

హువాంగ్ షూచిన్ సంగతి మరీ ముఖ్యం. ఆమె 1964లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీ నుంచి బయటికి వచ్చింది. మావో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవం పదేళ్ళు మింగేసింది. తరువాత ప్రసిద్ధ దర్శకుడు షియే జిన్ దగ్గర సహాయకురాలిగా పనిచేసి, 40 దాటాక గాని తన తొలి చిత్రం తీయలేకపోయింది. 1987లో ఆమె తీసిన ‘విమన్ డెమన్ హ్యూమన్’ గురించి శారద గారు తప్పకుండా మాట్లాడాలి. రంగస్థలం మీద మగవేషాలకు పేరుపడ్డ పెయ్ యాన్‌లింగ్ అనే నటి జీవితం దానికి మూలం. దయ్యాలను అణచే జోంగ్ ఖుయ్ అనే వికార రూపుడి పాత్ర ఆమెది. చిత్రం మొదట్లోనే నాయిక అద్దం ముందు కూర్చుని ఎరుపు, నలుపు, తెలుపు రంగులు ఒక్కొక్కటే ముఖానికి పూసుకుంటుంది. చూస్తూ ఉండగానే ఆడముఖం మాయమై ఆ భయంకర రూపం వచ్చేస్తుంది. అప్పుడు అద్దాల్లో ఒకవైపు ఆమె, ఇంకోవైపు జోంగ్ ఖుయ్ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడతారు. ఆడపిల్లగా వేదికనెక్కితే ఊరు ఏమంటుందోనన్న భయం, మగవేషంలో మాత్రమే దొరికే గౌరవం, ఈ రెండూ ఆ కొద్ది నిమిషాల్లో కనిపిస్తాయి. ఇది షాంఘై ప్రభుత్వ స్టూడియో డబ్బుతో తయారైంది. ఈనాటి పెట్టుబడిదారుడికి ఈ కథ చెప్పి డబ్బు అడిగితే ఏమంటాడో ఊహించుకోండి.

వెండితెర_వెనుక
హువాంగ్ షూచిన్ తండ్రి హువాంగ్ జోలిన్ ప్రసిద్ధ రంగస్థల దర్శకుడు. ఇంట్లోనే కళావాతావరణం ఉన్నవారికి దక్కిన అవకాశాన్ని అందరికీ దక్కిన అవకాశంగా చెప్పకూడదు. జియా లింగ్‌కు అటువంటి వెనుకబలం ఏదీ లేదు. టీవీలో హాస్య స్కిట్లు వేసుకుంటూ పైకి వచ్చింది. పందొమ్మిదేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్న దుఃఖాన్ని ముందు స్కిట్టుగా, తరువాత సినిమాగా మలిచింది. అటువంటి మనిషికి తలుపు తీసింది మార్కెట్టే.

పాతరీలు
ఒప్పుకుంటాను, కాని తలుపు తీయడానికి ముందు ఆమె ఇరవై ఏళ్ళ పాటు తెర మీద ప్రజాదరణ సంపాదించుకోవలసి వచ్చింది. జావో వెయ్ కూడా దేశమంతా తెలిసిన తార అయ్యాకే దర్శకురాలైంది. పేరులేని అమ్మాయి సంగతి ఏమిటన్నదే నా ప్రశ్న.

షాంఘై_నుంచి_రవి
నేను ఉద్యోగరీత్యా షాంఘైలో ఉంటున్నాను కాబట్టి ‘హర్ స్టోరీ’ గురించి చెప్పగలను. మా ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని గుంపులుగా వెళ్ళారు, వాళ్ళతో పాటే నేనూ చూశాను. అక్కడి థియేటర్లలో చైనా చిత్రాలకు కూడా తెర అడుగున చైనీస్ అక్షరాలు వేస్తారు కనుక, నాకున్న కొద్దిపాటి భాషతోనే కథ అందింది.

అందులో ఒక సన్నివేశం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఒంటరి తల్లి తియెమెయ్ ఒక్కతే కూతురిని పెంచుకుంటూ ఉంటుంది. పొరుగింటి అమ్మాయి సినిమాలకు శబ్దాలు రికార్డు చేసే పనిలో ఉంటుంది. ఆమె ఆ పాపకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కొక్క శబ్దం వినిపించి అదేమిటో చెప్పమంటుంది. పాప ఇది వాన, ఇది ఉరుము అంటూ ప్రకృతి శబ్దాలుగా ఊహించుకుని చెబుతూ ఉంటుంది. తెర మీద మనకు కనిపించేది మాత్రం తల్లి చేసే ఇంటిపని. పాప వింటున్నవన్నీ ఆ పని శబ్దాలే. మా వరుసలో కూర్చున్న ఒకావిడ కళ్ళు తుడుచుకోవడం నేను గమనించాను. ఇంటిచాకిరీ మీద ఉపన్యాసం ఒక్క ముక్క లేకుండా అంత చెప్పగలగడం నాకు గొప్పగా అనిపించింది.

అయితే ఆ చిత్రం మగవాళ్ళను కించపరుస్తోందని, స్త్రీపురుషుల మధ్య తగవు పెడుతోందని సామాజిక మాధ్యమాల్లో పెద్ద రభస జరిగింది. ఒక స్త్రీ తీసిన హాస్యచిత్రానికి అంత ఎదురుదాడి రావడం చూస్తే, దారి తెరుచుకున్నా ఆ దారిలో నడిచేవాళ్ళ మీద రాళ్ళు పడటం ఆగలేదని చెప్పాలి.

మల్లెపందిరి
రవి గారూ, ఆ సన్నివేశం చదివి సినిమా చూడాలన్న కోరిక కలిగింది. మా ఇంట్లో ఆ శబ్దాలు రికార్డు చేస్తే పెళ్ళిమేళమని పొరబడతారు. నా ప్రశ్న వేరు. దర్శకురాళ్ళ గురించే మాట్లాడుకుంటున్నాం, నటుల పరిస్థితి ఏమిటి? గాంగ్ లీ 1992లో ‘ద స్టోరీ ఆఫ్ చియు జూ’ చిత్రానికి వెనిస్‌లో ఉత్తమ నటి అయింది. ఆ తరువాతి తరాలకు అటువంటి పాత్రలు దొరుకుతున్నాయా?

ఎడిటింగ్_బల్ల
మల్లెపందిరి గారి ప్రశ్నకు నటి హై చింగ్ బహిరంగంగా జవాబు చెప్పింది. 2019 జులైలో షినింగ్ నగరంలో జరిగే ఫస్ట్ చలనచిత్రోత్సవం ముగింపు సభలో ఆమె మరికొందరు నటీమణులతో కలిసి వేదికనెక్కి, నడివయసు నటీమణులకు అవకాశాలివ్వండని యువ దర్శకులను నేరుగా అడిగింది. మేము బాగా పనిచేస్తాం, ఖర్చు కూడా తక్కువే అన్న అర్థంలో మాట్లాడింది. యావో చెన్ కూడా అక్కడే ఉంది. వాళ్ళు అనామకులు కారు, దేశమంతా గుర్తుపట్టే తారలు. వాళ్ళే వేదికనెక్కి పని అడగవలసి వచ్చిందంటే మిగతావారి గతి ఏమిటో ఆలోచించండి. అక్కడ టీవీ సీరియళ్ళలో, సినిమాల్లో నలభై దాటిన నటుడికి ఇరవయ్యేళ్ళ నాయికను జత చేస్తారు. అదే వయసు నటికి మాత్రం తల్లి పాత్రో, అత్త పాత్రో చూపిస్తారు.

మల్లెపందిరి
ఖర్చు తక్కువ అని చెప్పుకోవడం నాకు నచ్చలేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు తమ వెల తామే తగ్గించుకుని అడిగితే రేపు వచ్చేవాళ్ళకు కూడా అదే వెల నిలిచిపోతుంది.

ఎడిటింగ్_బల్ల
ఆ విమర్శ చైనాలో కూడా వచ్చింది. యావో చెన్ ఎంచుకున్న మార్గం మీకు నచ్చవచ్చు. ఆమె తానే నిర్మాణంలోకి దిగింది. 2019లో వచ్చిన ‘సెండ్ మీ టు ద క్లౌడ్స్’కు ఆమె నిర్మాత, కథానాయిక కూడా. దర్శకురాలు టెంగ్ సోంగ్‌సోంగ్‌కు అది తొలి చిత్రం. అండాశయ క్యాన్సర్ అని తెలిసిన ఒక విలేఖరి, శస్త్రచికిత్సకు డబ్బు కోసం తిరుగుతూనే, ఆపరేషన్ తరువాత తన శరీరానికి ఏమేమి దక్కకుండా పోతాయో వాటి గురించి సిగ్గుపడకుండా ఆలోచిస్తుంది. ఇటువంటి నాయిక అక్కడి తెర మీద చాలా అరుదు. పాతరీలు గారు అడిగిన పేరులేని అమ్మాయికి అవకాశం ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఇదొక జవాబు. నిర్మాత కుర్చీలో ఇంకో ఆడమనిషి ఉంటే వస్తుంది.

శారద_కె
ఈ మాట నాకు చాలా పనికొస్తుంది. ఇంకొకటి అడగాలి. అక్కడ తారలను ఉన్నట్టుండి తెర నుంచి తొలగించేస్తారని వింటూ ఉంటాం. ఆ శిక్షల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ తేడా ఉందా?

గోదావరి_గట్టు
టాంగ్ వెయ్ ఉదంతం చాలు. 2007లో ఆంగ్ లీ తీసిన ‘లస్ట్, కాషన్’లో ఆమె, టోనీ లియూంగ్ కలిసి శృంగార సన్నివేశాల్లో నటించారు. 2008లో ఆమెతో తీసిన ప్రకటనను టీవీలో వేయకూడదని ప్రధాన భూభాగంలో అధికారులు ఆదేశించారు, ఆ తరువాత చాలాకాలం ఆమెకు అక్కడ పని దొరకలేదు. అదే సన్నివేశాల్లో ఉన్న టోనీ లియూంగ్‌కు, తీసిన దర్శకుడికి అటువంటి చిక్కేమీ రాలేదు. అది ఆమె తొలి సినిమా. ఇంతకంటే స్పష్టమైన తేడా నాకు మరొకటి తెలియదు.

నిజం_నిలకడ
టాంగ్ వెయ్ విషయంలో మీరన్నది నిజం. కాని అన్ని శిక్షలనూ ఒకే గాటన కట్టవద్దు. 2018లో ఫాన్ బింగ్‌బింగ్ మూడు నెలలకు పైగా ఎవరికీ కనిపించకుండా పోయి, తరువాత పన్ను ఎగవేత కేసులో ఆమె, ఆమె సంస్థలు కలిపి 88 కోట్ల యువాన్లకు పైగా కట్టాలని ఆదేశం వచ్చింది. ఒకే సినిమాకు రెండు ఒప్పందాలు రాసుకుని తక్కువది మాత్రమే పన్ను శాఖకు చూపించే పద్ధతి అక్కడ పరిశ్రమంతటా ఉండేది. తప్పు జరిగింది, దానికి చట్టం ప్రకారం చర్య తీసుకున్నారు. మగవాళ్ళను కూడా వదిలిపెట్టలేదు. 2021లో ఒక యువతి ధైర్యంగా బయటపెట్టిన ఆరోపణలతో మొదలైన వ్యవహారంలో గాయకుడు, నటుడు క్రిస్ వూకు 2022 నవంబరులో బీజింగ్ కోర్టు అత్యాచారంతో పాటు మరో నేరానికి కలిపి 13 ఏళ్ళ జైలుశిక్ష వేసింది.

గోదావరి_గట్టు
పరిశ్రమంతటా ఉన్న పద్ధతి అని మీరే అంటున్నారు. అంతమంది చేసిన తప్పుకు దేశమంతటికీ గుర్తుండిపోయిన ముఖం మాత్రం ఒక ఆడమనిషిదే అయింది. పన్ను కట్టవద్దని నేను అనడం లేదు. తప్పు చేసిన నిర్మాతల, మగ తారల పేర్లు మీకు ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టుకోండి.

నిజం_నిలకడ
ఆ కేసు తరువాత పారితోషికాల పరిమితిని గట్టిగా అమలు చేశారు. నటీనటుల పారితోషికమంతా కలిపి నిర్మాణవ్యయంలో 40 శాతం మించకూడదు, ముఖ్య తారలకు ఆ మొత్తంలో 70 శాతం మించకూడదు. ఇది ఆడ, మగ అందరికీ వర్తిస్తుంది. అయినా మీ మాటలో పస లేదని అనలేను.

డాక్టర్_లక్ష్మి
మనవైపు నుంచి చైనాకు వైద్యవిద్యకు వెళ్ళిన వందలాది పిల్లల్లో నేనూ ఒకదాన్ని. 2017 నవంబరులో ‘ఏంజెల్స్ వేర్ వైట్’ అక్కడే థియేటర్లో చూశాను. దర్శకురాలు వివియన్ చూ. సముద్రతీరంలోని ఒక చిన్న హోటల్లో ఇద్దరు బడిపిల్లల మీద ఒక అధికారి అఘాయిత్యం చేస్తాడు. దానికి సాక్షి అదే హోటల్లో గుర్తింపుకార్డు లేకుండా పనిచేస్తున్న మరో అమ్మాయి. ఆ రాత్రి కాపలా కెమెరా తెర మీద ఆమె చూసింది చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆ పిల్లలకు న్యాయం జరగదు. అకృత్యాన్ని తెర మీద ఎక్కడా చూపించరు. ఆసుపత్రి పరీక్షలు, పెద్దవాళ్ళ మాటలు, తల్లి కోపంతో కూతురి జుట్టు కత్తిరించడం, వీటితోనే కథ నడుస్తుంది. వైద్యం చదువుతున్నదాన్ని కాబట్టి పిల్లలను పరీక్షించే దృశ్యాలు నన్ను చాలా రోజులు వెంటాడాయి. చిత్రం విడుదలైన ఆ రోజుల్లోనే బీజింగ్‌లో ఒక శిశుపాఠశాలలో పిల్లలను హింసించారన్న వార్త దేశాన్ని కుదిపేసింది. హాల్లో ఒక్కరు కూడా మాట్లాడలేదు.

ఆ ఏడాది వెనిస్ ఉత్సవం ప్రధాన పోటీలో 21 చిత్రాలుంటే స్త్రీ దర్శకత్వం వహించినది ఇదొక్కటే. కాబట్టి ఆడవాళ్ళకు చోటు ఇవ్వకపోవడం చైనా ఒక్కదాని జబ్బు కాదని కూడా శారద గారు చెప్పాలి.

హంపి_చదువరి
అధికారి నేరం గురించిన కథకు అక్కడ అనుమతి ఎలా వచ్చింది? సెన్సారు చాలా కఠినమంటారు కదా.

పాతరీలు
చివర్లో నేరస్థులు పట్టుబడతారు. అక్కడ వయసును బట్టి ఇచ్చే సర్టిఫికెట్లు లేవు. చిన్నపిల్లలతో సహా ఎవరైనా చూడవచ్చన్న లెక్కలో ప్రతి చిత్రానికీ ఒకే అనుమతి ముద్ర కావాలి, అది లేనిదే థియేటర్లో పడదు. 2018 నుంచి సినిమా పాలన నేరుగా పార్టీ ప్రచారశాఖ చేతిలోకి వెళ్ళింది. ఈ బరువు ఆడ, మగ దర్శకులందరి మీదా ఉంటుంది. అయితే కుటుంబ హింస, గర్భం, లైంగికత, స్త్రీ శరీరం వంటి విషయాలు తీయాలనుకునేవారికి అది మరింత ఎక్కువగా తగులుతుంది, ఎందుకంటే వయోజనులకు మాత్రమే అని చెప్పి విడుదల చేసుకునే వీలు వారికి లేదు.

క్లోయీ జావో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బీజింగ్‌లో పుట్టిన ఆ అమ్మాయి 2021లో ‘నోమాడ్‌లాండ్’కు ఆస్కార్ ఉత్తమ దర్శకత్వ పురస్కారం గెలిచింది. ఆసియా స్త్రీలలో ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి. చైనా ఎంతో సంబరపడవలసిన రోజది. కాని 2013లో ఆమె ఒక ఇంటర్వ్యూలో చైనాను విమర్శిస్తూ అన్న మాటలు బయటికి తీసి, ఆమె గెలుపు వార్తను అక్కడి సామాజిక మాధ్యమాల్లో అణచివేశారు. ఆ ఏడాదే ఆగస్టులో జావో వెయ్ నటించిన, తీసిన చిత్రాలు అక్కడి వీడియో వేదికల నుంచి కారణం చెప్పకుండా మాయమయ్యాయి. వెండితెర గారు మొదట చూపించిన ‘సో యంగ్’ దర్శకురాలు ఈమే. 70 కోట్ల వసూళ్ళు ఆమెకు రక్షణ కాలేకపోయాయి.

వెండితెర_వెనుక
ఈ చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు. కాని మార్కెట్టు వచ్చాక స్త్రీల సంఖ్య తగ్గిందన్న మీ వాదన మాత్రం ఇంకా రుజువు కాలేదు.

పాతరీలు
సంఖ్య కంటే ఒక జీవితం చెబుతాను. లీ షావోహోంగ్ 1995లో ‘బ్లష్’ చిత్రానికి బెర్లిన్‌లో సిల్వర్ బేర్ గెలిచింది. వేశ్యావృత్తి నిషేధం తరువాత ఇద్దరు స్త్రీల బతుకు ఎటు పోయిందన్నది కథ. కాని అప్పటికే పరిశ్రమ మారిపోయింది. 1993లో సినిమా పంపిణీ మీద ఒక్క ప్రభుత్వ సంస్థకే ఉన్న గుత్తాధిపత్యం ఎత్తేశారు, 1994 చివరి నుంచి ఏటా పది విదేశీ భారీ చిత్రాలు వసూళ్ళలో వాటా ఇచ్చే పద్ధతిలో రావడం మొదలైంది. స్టూడియోలు తమ లాభనష్టాలు తామే చూసుకోవలసి వచ్చింది. బెర్లిన్‌లో గెలిచిన దర్శకురాలు 2000 నాటికి టీవీ ధారావాహికలో కనిపించింది. ఆ ధారావాహిక గొప్పదే, దాన్ని తక్కువ చేయను. ఆ తరం స్త్రీలలో మరికొందరు కూడా టీవీ వైపే మళ్ళారు. ఆమెతో పాటే 1978లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీలో చేరిన బ్యాచ్ మగవాళ్ళకేమో కోట్ల పెట్టుబడితో కత్తియుద్ధాల చిత్రాలు వచ్చాయి.

కత్తెర_కనకం
హాంకాంగ్‌ను ఎవరూ తలవలేదు. ఆన్ హుయ్ 1982లో ‘బోట్ పీపుల్’ తీసింది, ఇప్పటికీ తీస్తూనే ఉంది. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ దర్శకత్వానికి ఆరుసార్లు గెలిచింది, 2020లో వెనిస్ ఆమెకు జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ ఇచ్చింది. ఇంత పేరున్న ఆమెకు కూడా 2011లో ‘ఎ సింపుల్ లైఫ్’కు డబ్బు దొరకలేదు. ఒక కుటుంబానికి తరాలపాటు చాకిరీ చేసి ముసలిదైన పనిమనిషి కథకు పెట్టుబడి పెట్టేవారెవరు? చివరికి నటుడు ఆండీ లావ్ ముందుకొచ్చి నటించాడు, డబ్బూ పెట్టాడు. ఆ పాత్ర వేసిన డీనీ ఇప్‌కు వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆ సినిమాలో పనిమనిషి బజారుకు వెళ్ళి కూరగాయలు ఒక్కొక్కటే ఏరుకునే తీరు చూస్తే చాలు, దర్శకురాలు ఆ మనిషిని ఎంత దగ్గరగా చూసిందో తెలిసిపోతుంది. నాకు ఈ చర్చలో కనిపిస్తున్నదల్లా ఒకటే. ఆడమనిషికి ప్రతి సినిమా మళ్ళీ మొదటి సినిమాయే.

సరళ_మెహదీపట్నం
తెర వెనుక పనిచేసేవారి మాట కూడా రావాలి. కేరళలో 2017లో సినిమా స్త్రీలు కలిసి సంఘం పెట్టుకున్నారు, ఆ ఒత్తిడితోనే కమిటీ వచ్చింది, 2024లో నివేదిక బయటపడింది. చైనాలో మేకప్, దుస్తులు, శబ్దం, సహాయ దర్శకత్వం విభాగాల్లో పనిచేసే అమ్మాయిలకు అటువంటిదేమైనా ఉందా?

షాంఘై_నుంచి_రవి
స్వతంత్ర కార్మిక సంఘాలకు చైనాలో అనుమతి లేదు. అధికారిక సమాఖ్య కిందనే ఏదైనా ఉండాలి. ప్రసూతి సెలవు జాతీయ స్థాయిలో 98 రోజులు ఉంది, ప్రాంతాలు దానికి మరికొన్ని కలుపుతాయి. కాని అది ఉద్యోగం ఉన్నవారికి పనికొస్తుంది. సినిమావాళ్ళు ఒక్కొక్క చిత్రానికి కుదుర్చుకుని పనిచేస్తారు. షూటింగు మధ్యలో గర్భం వస్తే తరువాతి చిత్రానికి పిలుపు రాదు, అంతే. పాతరీలు గారు చెప్పిన నెల జీతం స్టూడియోల విలువ నాకు ఇక్కడే అర్థమవుతుంది.

సంఘాల లోటును కొంతవరకు ఉత్సవాలు తీరుస్తున్నాయి. 2013లో మొదలైన చైనా విమెన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ వంటి వేదికల్లో కొత్త అమ్మాయిల చిత్రాలు ప్రేక్షకులకు, నిర్మాతలకు కనబడతాయి.

శారద_కె
వెండితెర గారు మొదట్లో చెప్పిన ‘సిస్టర్’ ఎవరైనా చూశారా? మా విద్యార్థులకు దగ్గరగా ఉండే కథ ఏదైనా చూపించాలని ఉంది.

డాక్టర్_లక్ష్మి
అదే చూపించండి. దర్శకురాలు, రచయిత్రి ఇద్దరూ స్త్రీలే. చెంగ్డూలో నర్సుగా పనిచేసే ఆన్ రాన్ బీజింగ్ వెళ్ళి పైచదువు చదవాలనుకుంటుంది. అంతలో తల్లిదండ్రులు ప్రమాదంలో పోతారు, తనతో కలిసి పెరగని చిన్న తమ్ముడి భారం ఆమె మీద పడుతుంది. బంధువులంతా అక్కవు కదా, నువ్వే పెంచాలంటారు. అన్నిటికంటే గుచ్చుకునే సంగతి ఒకటి ఉంది. ఒకే సంతానం నియమం ఉన్న రోజుల్లో, కొడుకును కనే అనుమతి కోసం తండ్రి ఈ పిల్లకు కాలు అవిటిదని అబద్ధం చెబుతాడు. తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు పాప గౌను వేసుకుని హాయిగా నడుస్తూ, నాట్యం చేస్తూ కనిపిస్తుంది. అందుకు తండ్రి చేతిలో దెబ్బలు తింటుంది. మా వార్డులో ఆడపిల్ల పుట్టిందని తెలిశాక ముఖాలు మాడ్చుకునే బంధువులను చూసిన నాకు ఆ పిల్ల ఎవరో పరాయిది అనిపించలేదు.

గోదావరి_గట్టు
ముగింపు మాత్రం నన్ను నిరాశపరిచింది. తమ్ముడిని దత్తత ఇచ్చే కాగితం మీద సంతకం దగ్గర ఆమె ఆగిపోతుంది. అంత సేపు తన బతుకు కోసం పోరాడిన అమ్మాయిని ఆఖరి నిమిషంలో అక్కగా మార్చేశారు. చైనాలో కూడా ఎందరో యువతులు ఇదే అన్నారు.

డాక్టర్_లక్ష్మి
నాకలా అనిపించలేదు. ఆ ఇద్దరు పిల్లల మధ్య పుట్టిన ఆప్యాయత నిజమైనది. ఆప్యాయత ఉన్నంత మాత్రాన చదువు మానేసిందని సినిమా ఎక్కడా చెప్పదు. ఈ వివాదం కోసమైనా విద్యార్థులకు చూపించాలి, గోదావరి గారి మాటా నా మాటా వాళ్ళ ముందు పెట్టండి.

మల్లెపందిరి
‘యోలో’ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. బాక్సింగ్ నేర్చుకునే పాత్ర కోసం జియా లింగ్ ముందు 20 కిలోలు పెరిగి, తరువాత 50 కిలోలు తగ్గింది. పత్రికలన్నీ ఆ బరువు గురించే రాశాయి. ఒక దర్శకురాలు తన రెండో చిత్రంతో 340 కోట్లు తెచ్చి, కెమెరా ఎక్కడ పెట్టిందో ఎవరూ అడగకుండా ఏం తిన్నదో అడిగితే బాధ కలగదా?

వెండితెర_వెనుక
ఆ విషయంలో మీ బాధే నాది. ఆ చిత్రంలో బరువు తగ్గడం అందం కోసం కాదు. ఎప్పుడూ సరేనంటూ అందరికీ లొంగిపోయిన మనిషి ఒక్కసారి గెలవాలనుకోవడమే కథ.

కత్తెర_కనకం
శారద గారూ, వీలైతే వివియన్ చూ కొత్త చిత్రం ‘గర్ల్స్ ఆన్ వైర్’ కూడా మీ మాటల్లో చేర్చండి. 2025 ఫిబ్రవరిలో బెర్లిన్ పోటీలో ఉంది. పెద్ద స్టూడియో నగరంలో తారల బదులు తీగలకు వేలాడుతూ స్టంట్లు చేసే అమ్మాయి అందులో నాయిక. సరళ గారు అడిగిన తెర వెనుక ఆడవాళ్ళ గురించి స్వయంగా సినిమాలే చెప్పడం మొదలైంది. ఈ దర్శకురాలు ముందు నిర్మాతగా ‘బ్లాక్ కోల్, థిన్ ఐస్’కు 2014లో గోల్డెన్ బేర్ తెచ్చిన మనిషి. ఎడిటింగ్ బల్ల గారు చెప్పిన నిర్మాత కుర్చీ మాట ఇక్కడ కూడా సరిపోతుంది.

శారద_కె
‘విమన్ డెమన్ హ్యూమన్’తో మొదలుపెట్టి, ‘సిస్టర్’ పూర్తిగా చూపించి, మిగతావాటి గురించి మాట్లాడదామని నిర్ణయించుకున్నాను. పాతరీలు గారు, వెండితెర గారు ఇంకా ఒప్పందానికి రాలేదు కాబట్టి మీ ఇద్దరి వాదనలనూ మీ పేర్లతోనే సభలో చదువుతాను, అభ్యంతరముంటే ఈ వారంలోగా చెప్పండి. ‘విమన్ డెమన్ హ్యూమన్’కు తెలుగులో ఉపశీర్షికలు రాయగలవారు ఎవరైనా ఉన్నారా?

షాంఘై_నుంచి_రవి
మాటలు నేను తెలుగులోకి తెస్తాను. పాటల భాగం పాత రంగస్థల భాష కాబట్టి మా ఆఫీసులో ఒకావిడ సాయం అడగాలి, ఆమె తల్లి ఊళ్ళో నాటక సమాజంలో పాడేదట.

పాతరీలు
చదవండి, నాకు అభ్యంతరం లేదు. కాని 1993 దగ్గర ఆగకుండా ఆ తరువాత టీవీకి వెళ్ళినవారి గురించి కూడా చదవాలి.

వెండితెర_వెనుక
చదవండి. ‘హర్ స్టోరీ’ వసూళ్ళు కూడా చదవండి.